తూర్పుకు తిప్పిన ఏంటెనా

మార్చి మూడో శనివారం, సాయంత్రం నాలుగుంబావు. నార్త్ డకోటాలో ఓ చిన్న స్టేషన్ ప్లాట్‌ఫాం మీద, నలభై నిమిషాలు లేటైన రైలు కోసం అటూ ఇటూ తిరుగుతూ, రెండు నిమిషాలకోసారి వాచీ చూసుకుని తెలుగులో గొణుక్కుంటున్నాను.

"తెలుగువారా అమ్మా? కాస్త ఇది పట్టుకుంటారా?" అన్నారు బెంచీ మీది పెద్దాయన. ఒళ్లో హామ్ రేడియో, అంటే సరదాకి దూరాలవాళ్లతో మాట్లాడుకునే సెట్టు, చేతిలో బారెడు ఏంటెనా. ఉత్తరాన అరోరా, అదే ధ్రువాల దగ్గర ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, లేచిందట. పగటి వెలుతురులో కనబడదు గానీ, సిగ్నల్ దానికి తగిలి తిరిగొస్తుందట. మిషిగన్‌లో ఉన్న స్నేహితుడిని అలా అందుకోవాలని ఆరేళ్లుగా చూస్తున్నారట.

"ఫోన్ చేసుకోవచ్చుగా?"

"రోజూ చేసుకుంటాం. వాడు సోమవారం ఇల్లు ఖాళీ చేసి కేర్ హోమ్‌కి మారిపోతున్నాడు. అక్కడ ఏంటెనా పెట్టనివ్వరు."

పట్టుకున్నాను. ఆయన టక్కు టక్కుమని మోర్స్ కోడ్‌లో పిలుపు కొట్టారు. కాసేపటికి రేడియో బుసలో బరబరమంటూ ఏదో మొదలైంది.

"వాడే! నన్నే పిలుస్తున్నాడు!"

మిషిగన్ మాకు తూర్పున. ఇంకా బాగా వినబడుతుందని ఏంటెనాను అటు తిప్పాను. చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో, ఎందుకు తిప్పారమ్మా?"

"మీవాడు అటేగా ఉన్నాడు!"

"వాడు అటే. అరోరా ఇటు కదా!"

మూడు సెకన్లలో మళ్లీ ఉత్తరానికి తిప్పాను. బుస వచ్చింది, పిలుపు రాలేదు. ఐదూ పదికి రైలొచ్చేదాకా ఆయన కొడుతూనే ఉన్నారు. ఇద్దరూ వింటేనే కాంటాక్ట్ కింద లెక్కట. నా పెట్టె ఎక్కించి, "నేనైతే విన్నానుగా, సగం అయింది లెండి" అన్నారు.

ఇప్పటికీ ఎక్కడ దిగినా, ముందు ఉత్తరం ఎటో చూసుకుంటాను.

పోయినవి: మూడు సెకన్లు, ఒక జవాబు, ఆరేళ్లు.