నాలుక కింద గోలీ

రక్తనాళాలంటే గొట్టాలని చాలా ఏళ్ళు పోర్ట్ బ్లెయిర్ బళ్ళో పాఠం చెప్పాను. రిటైరయ్యాక, షాదీపూర్ ఎత్తు ఎక్కుతూ గుండె పట్టేసిన రోజున, నా శిష్యురాళ్ళ ఈడు డాక్టరమ్మ నాకే పాఠం చెప్పింది. ఉత్త గొట్టాలు కావట. నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేస్తుందట. అది పక్కనున్న కండరానికి కాస్త వదులవమని కబురు చెప్పి, క్షణాల్లో మాయమవుతుందట. వయసు మీదపడేకొద్దీ పొర ఆ వాయువును తక్కువగా చేస్తుంది, చేసిన దాంట్లోనూ కొంత దారిలోనే పాడైపోతుంది. నాళాలు బిగుసుకుంటాయి.

నాకు నవ్వొచ్చింది. మా ఆయన పోయాక ఇంట్లో నా మాటల సంగతీ అంతే. గోడ దాకా వెళ్ళి ఆగిపోతాయి.

ఆవిడ గోలీలు రాసింది. నొప్పి వస్తే కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి. ఒళ్ళు చేసుకోలేని ఆ వాయువును గోలీ ఇస్తుంది. కానీ బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, పక్కన ఒకరుంటే మంచిదంది. ఇంట్లో ఎవరున్నారని అడిగింది. ఒంటికాయ శొంఠికొమ్మునని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఆ గోలీ ఒక్కదాన్నే ఉన్నప్పుడు వేసుకోవాలంటే ఆనాటినుంచీ నాకు భయం.

అందుకే మధ్యాహ్నాలు చాతం జెట్టీకి వెళ్ళి, బోటెక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ దాకా పోయి, అదే బోటులో తిరిగి రావడం మొదలుపెట్టాను. అవతల పనేమీ లేదు. పడితే పదిమందిలో పడదామని.

మొన్న జెట్టీ మీదే నొప్పి వచ్చింది. బెంచీ మీద కూలబడి గోలీ పెట్టుకున్నాను. కూరల సంచీతో బోటుకు పోతున్న ఒకావిడ ఆగి, ఏమైందని అడిగింది. నోరు తెరవకుండా గుండె మీద చెయ్యి వేసి చూపించాను. సంచీ కింద పెట్టి, పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"సెయ్యి సల్లగా ఉంది దీదీ. మాటాడకండి. నేనిక్కడే ఉంటాను, ఫికర్ మత్ కరో."

బీపీ మిషను పట్టీ తప్ప నా చేతిని ఎవరూ పట్టుకోక ఎన్నాళ్ళయిందో. ఏడుపొచ్చింది.

బోటు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆవిడ కదల్లేదు. కాసేపటికి నా తల దిమ్మెక్కింది, నొప్పి సద్దుమణిగింది. గోలీ కరిగిందా అని ఆవిడ అడిగింది.

ఎప్పుడో కరిగిపోయింది. అవునంటే లేచి వెళ్ళిపోతుంది. నోరు మూసుకునే, అడ్డంగా తలూపాను.