పుళ్ల సిస్టర్ ఏదీ అడగదు

మా మేనత్తను ఆ ఆసుపత్రిలో అందరూ పుళ్ల సిస్టర్ అనేవారు. మంచం పట్టి, వీపు పుండై, సొంతవాళ్లే ముక్కు మూసుకుని దూరంగా నిలబడే మనుషుల్ని చివరికి ఆవిడ వార్డుకే తెచ్చి పడేసేవారు. ఆవిడ మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకునేది కాదు. "వాసన తెలిస్తేనే కదే, పుండు ఎటు పోతోందో తెలిసేది" అనేది నాతో. కుళ్లిన కండ కత్తిరించి, ఉప్పునీళ్లతో కడిగి, కట్టు కట్టి, ఆ మనిషిని పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి గానీ ఇంకో మంచం దగ్గరికి వెళ్లేది కాదు. తిప్పేటప్పుడు రోగి మూలిగితే ఆవిడే తప్పు చేసినట్టు "అయిపోయింది, అయిపోయింది" అని బతిమాలేది.

ఆసుపత్రి నడిపే కన్యాస్త్రీల మఠంలో చిన్న వయసులోనే చేరింది. అక్కడ నర్సు పనితోబాటు ఇంకొకటి కూడా నేర్పారు. ఏదీ అడగకూడదు, ఏదీ కాదనకూడదు. మఠానికి పెద్ద అయిన మదర్ ఏది ఇస్తే అది తీసుకోవాలి, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఒకసారి చెప్పు తెగితే కట్టుగుడ్డ ముక్కతో పాదానికి కట్టుకుని వార్డంతా తిరిగింది. మదర్ కంటబడ్డాకే కొత్తవి వచ్చాయి. చెప్పులడిగితే దేవుడికొచ్చిన నష్టమేమిటని నేను దెప్పితే, "దేవుడికేం కాదే, నాకే అలవాటు తప్పుతుంది" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే మనిషికి కోపం కూడా సరిగ్గా రాదు. అదో బాధ.

ఇలా ఉండగా మా నానమ్మకు, అంటే ఆవిడ కన్నతల్లికి, పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా చచ్చుబడింది. నోరు ఒక వైపుకు పోయింది గానీ వెటకారం ఎక్కడికీ పోలేదు. ఆసుపత్రికి తీసుకెళదామంటే, ఆ గతుకుల దారిలో ప్రాణం మధ్యలోనే పోతుందని డాక్టరు వద్దన్నాడు. వంటింటి గోడ పక్కన మంచం వేశాం. మా అమ్మ ఎప్పుడో పోయింది. నాన్న లారీ మీద ఉంటాడు. కుట్టుమిషను మూలకు నెట్టి, నేనే నానమ్మను చూసుకున్నాను. చూసుకున్నానని అంటున్నాను గానీ, కొన్నాళ్లకే నడుం కింద చర్మం నల్లబడి, తర్వాత చిట్లింది.

"మూటను దొర్లించినట్టు దొర్లిస్తున్నావే" అనేది నానమ్మ. "దాన్ని పిలవండి. ఊరందరికీ చేస్తుంది కదా, నాకొక్కసారి చెయ్యమను. దాని చేతుల్లో పోతాను."

ఆమె అడిగింది అదొక్కటే. బతికించమని కూడా అడగలేదు.

నేను బస్సెక్కి మఠానికి వెళ్లాను. వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గదిలో, అద్దంలా తుడిచిన నేల మీద కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాను. అత్త వచ్చింది. చేతుల దగ్గర ఫినాయిలు వాసన. పుండు సంగతి చెప్పాను. ఎంత లోతు, ఏ రంగు, చీము పడుతోందా అని అడిగింది. చెబుతుంటే ఆవిడ మొహంలో రక్తం లేదు.

"అయితే బయల్దేరు అత్తా."

"మదర్ పంపితే వస్తాను."

"పంపమని అడుగు."

"అలా అడగకూడదే. మదర్‌కి అమ్మ సంగతి తెలుసు. పంపాలని ఉంటే ఆవిడే పంపుతారు. పంపలేదంటే, నేను ఇక్కడ ఉండటమే దేవుడికిష్టమన్నమాట."

"నేనడుగుతాను పోనీ."

అత్త నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు నోరు విప్పావంటే నేను నీచేత అడిగించినట్టే. అమ్మ మీద ఒట్టు, వద్దు."

ఒళ్లు మండిపోయింది. ఇంతలో మదర్ గదిలోకి వచ్చారు. బక్కపలచని మనిషి, మెత్తని మాట.

"మీ నానమ్మకెలా ఉంది?"

"బాలేదు మదర్. సిస్టర్‌ని కలవరిస్తోంది" అన్నాను. అంతవరకే అన్నాను.

మదర్ అత్త వైపు చూశారు. చాలాసేపే చూశారు. అత్త నేల చూపులు చూస్తోంది. పైన ప్రార్థన గంట మోగింది. "ఆవిణ్ణి ప్రార్థనలో తలుచుకుందాం" అని మదర్ వెళ్లిపోయారు. అత్త కూడా వెనకే వెళ్లింది. నేను తిట్టుకుంటూ బస్సెక్కాను.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆసుపత్రి ఫోను నుంచి అత్త మాట్లాడేది. ఇలా కడుగు, అలా తిప్పు, మడమల కింద గుడ్డ చుట్టిపెట్టు. నేను ఫోను భుజానికి నొక్కిపెట్టుకుని చెప్పినట్టే చేసేదాన్ని. "ఫోన్లోంచి చేతులు రావుగా" అంది నానమ్మ ఓసారి, అటు వినబడేలాగే. అటు నుంచి, "దిండు పెట్టావా" అంది అత్త.

తలుపు కదిలినప్పుడల్లా "వచ్చిందా" అనేది నానమ్మ. పాలవాడొచ్చినా అదే మాట, గాలికి కదిలినా అదే మాట. ఒక ఉదయం తలుపు కదిలితే అడగలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే చల్లబడి ఉంది.

అప్పుడొచ్చారు, అత్తా, మదరూ, ఆసుపత్రి బండిలో. అత్త ఏడవలేదు. వేడినీళ్లు పెట్టమంది. నన్ను తప్ప అందర్నీ బయటికి పంపి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, నానమ్మను తన వైపుకు తిప్పుకుంది. ఎంత సులువుగా తిప్పిందో. చెయ్యి ఎక్కడ వెయ్యాలో, బరువు ఎటు మోపాలో ఆ చేతులకు తెలుసు. అంతసేపూ "అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉంది, మూలిగే మనిషి లేకపోయినా. పుండు చూసి ఆగిపోయింది.

"ఎముక కనబడుతోందే" అంది.

కడిగింది. మందు రాసింది. బతికున్న మనిషికి కట్టినట్టే అంచులు మడిచి కట్టు కట్టింది. "పోయినవాళ్లకి కట్టెందుకమ్మా" అని తలుపు సందులోంచి పక్కింటావిడ అంటే, నేను తలుపు మూసేశాను.

పూడ్చిపెట్టి వచ్చాక మదర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఇంక నా నోరు ఆగలేదు.

"ఒక్కసారి ముందు పంపితే మీ సొమ్మేం పోయేది మదర్? మీ ప్రార్థనలు ఎవరిక్కావాలి?"

మదర్ నన్ను కాదు, నా వెనకున్న అత్తను చూశారు.

"నువ్వు అడుగుతావని రోజూ ఎదురుచూశాను సిస్టర్. అడగలేదు. రోగుల్ని వదిలి రావడం నీకిష్టం లేదేమో అనుకున్నాను. నేను వెళ్లమంటే నువ్వు కాదనలేవు. నా మాటతో నిన్ను బలవంతాన పంపినట్టవుతుందని ఊరుకున్నాను."

"మీరు పంపుతారని నేనూ ఎదురుచూశాను మదర్" అంది అత్త.

ఒకరంటే ఒకరికి అంత గౌరవం. ఆ గౌరవం మధ్య మా నానమ్మ తలుపు వైపు చూస్తూ పోయింది. ఇద్దర్నీ పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఎవరినని తిట్టను?

మదర్ కళ్లు తుడుచుకున్నారు. "కొన్నాళ్లు ఇక్కడే ఉండమ్మా. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు."

"ఇప్పుడుండి ఎవరికి చెయ్యను" అంది అత్త. తర్వాత చాలా చిన్నగా, "ఒకటి అడగొచ్చా మదర్" అంది.

"అడుగమ్మా. ఏదైనా అడుగు."

"నన్ను ఆ వార్డులోంచి తీసెయ్యండి. ఇంక ఎవరి వీపూ చూడలేను."

మదర్ గుమ్మం పట్టుకున్నారు. ఆ వార్డులో అత్త పని చెయ్యగలిగినవాళ్లు ఇంకొకరు లేరని ముగ్గురికీ తెలుసు. జీవితంలో మొదటిసారి అడిగిన మనిషిని కాదనడం ఆవిడ వల్ల కాలేదు.

"సరే" అన్నారు.

అత్త తిరిగి వెళ్లి, చనిపోయేదాకా వార్డు కింద ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో పనిచేసింది. వార్డులోంచి వచ్చే దుప్పట్ల మీది మరకలు చూస్తే, పైన ఎవరి పుండు ఎంత ముదిరిందో ఆవిడకు తెలిసిపోయేదట. తెలిసినా, పైకి మాత్రం వెళ్లలేదు.