పన్నెండో నంబరు గది ఎర్రగానే ఉంది

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. నా చిన్నప్పుడు భీమిలి దగ్గర మా పేటలో ఒకామెకు దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టారు. ఆమె వీపు మీద అంతకు ముందే వాతలున్నాయి. అవి దెయ్యం పెట్టినవి కావు, మొగుడు పెట్టినవి. అది కళ్లారా చూసినదాన్ని. నన్ను దెయ్యం కథలతో ఎవరూ భయపెట్టలేరు.

నాకు చదువు లేదు. సంతకం వచ్చు. బస్సుల పుణ్యాన అంకెలు వచ్చు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ గారు రాస్తున్నారు. నా యాస ఆవిడ కలానికి పట్టదట, సరిచేసుకుంటానన్నారు. సంగతి మారకపోతే చాలు తల్లీ అన్నాను.

మేము కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన అద్దెకుండేవాళ్లం. నేనూ మా ఆయనా దువ్వాడ దగ్గర ఒక హాస్టల్లో పని చేసేవాళ్లం. ఫ్యాక్టరీల్లో ట్రైనింగుకి వచ్చే ఇంజినీర్లు అక్కడ దిగేవారు. మేడ మీద తొమ్మిది నుంచి పదహారు దాకా ఎనిమిది గదులు నావి. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బాత్‌రూములు కడిగి, దుప్పట్లు మార్చాలి. మోటార్లు, ట్యాంకులు, కుళాయిలు ఆయనవి.

ఆయన జాలరి ఇంట్లో పుట్టి కూడా తెప్ప ఎక్కితే వాంతి చేసుకునే మనిషి. బస్సులో కూడా కిటికీ పక్కన చోటు దొరక్కపోతే పచ్చబడిపోయేవాడు. "సంద్రం సూత్తే కక్కుకునే జాలరోడు దొరికాడు నాకు" అని నేను ఆటపట్టిస్తే, "నాకు ట్యాంకులో నీల్లు సాలే" అనేవాడు.

మొదట్లో మెట్ల దగ్గర నల్లబల్ల ఉండేది. గది అయిపోతే సుద్దముక్కతో గీత గీసేదాన్ని. అంతే. రెండువేల సంవత్సరం దాటిన ఏడెనిమిదేళ్లకి బల్ల తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ఒకటి ఆఫీసులో, ఒకటి కింద దుప్పట్ల గదిలో.

అందులో మా అందరి పేర్లూ ఉంటాయి. పేరు పక్కన ఆ రోజు చేయాల్సిన పనులు గడులు గడులుగా ఉంటాయి. చేయకముందు ఎరుపు. చేశాక ఎవరి పాస్‌వర్డుతో వాళ్లు తమ పేరు తెరిచి ఆ గడి మీద నొక్కితే ఆకుపచ్చ. నొక్కగానే అందరికీ తెలిసిపోయేది. ఏ గది దుప్పట్లు కిందికి వస్తున్నాయో బట్టలుతికే వాళ్లకి, ఏ గది ఇవ్వొచ్చో ఆఫీసుకి, టౌనులో కూర్చున్న పెద్దాఫీసుకి కూడా.

నాకు అది చూస్తే చెమటలు పట్టేవి. ఆయన ఏడో తరగతి చదివాడు. రెండు రోజుల్లో పట్టేశాడు. మూడో రోజు నుంచి నా గడులు కూడా ఆయనే నొక్కేవాడు. నా పాస్‌వర్డు ఆయనే పెట్టాడు. ఆయన నొక్కుతాడని ఎవరికీ తెలీదు. పేరు నాదే పడుతుంది కదా.

నేను వెనక నిలబడి చూసేదాన్ని. పాస్‌వర్డు కొట్టేటప్పుడు అక్షరాలు కనిపించవు, చుక్కలే కనిపిస్తాయి.

అయితే ఆయన ఊరికే నొక్కేవాడు కాదు. మేడ ఎక్కి వచ్చి, వాష్‌బేసిన్ కింద అంచు మీద వేలు పెట్టి రాసి చూసేవాడు. ఫినాయిల్ వాసన చూసేవాడు. ఒకసారి నాకు ఒంట్లో బాగోక పన్నెండో గది వదిలేసి, అయిపోయిందని చెప్పాను. వెళ్లి చూసి వచ్చాడు. నొక్కలేదు.

"మొగుడివా, మేస్త్రీవా?" అని అరిచాను.

"సెయ్యనిది సేసినట్టు నొక్కితే ఆ గదికొచ్చినోడు నిన్ను తిడతాడే. నా సేత్తో నాను నిన్ను తిట్టించాలా?" అన్నాడు. తనే చీపురు పట్టుకుని వెళ్లి ఊడ్చాడు. నేను బాత్‌రూము కడిగాను. అప్పుడు నొక్కాడు.

సాయంత్రం నా ఆఖరి గడి పచ్చగా అయ్యేదాకా కదిలేవాడు కాదు. అది అయ్యాక "పదవే, ఎల్దుం" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున నీళ్లు పడుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

పన్నెండో రోజు తంతు అయ్యాక నెల తిరక్కుండా పనిలోకి వెళ్లాను. వెళ్లకపోతే ఆ గదులు ఇంకొకరికి ఇచ్చేస్తారు. బతకడానికి నాకున్నవి ఆ ఎనిమిది గదులే. దారి పొడవునా ఒకటే దిగులు. గదులు కడగ్గలను, గడులు ఎవరు నొక్కుతారు? నా చేతులు ఎంత చేసినా పెద్దాఫీసులో ఎర్రగానే కనబడుతుంది.

ఆ రోజు ఏడు గదులు చేశాను. పన్నెండో గది చేయలేకపోయాను. ఆ గదిలో కుళాయి కారకుండా ఆయన నీలం రంగు వల దారంతో కట్టిన ముడి ఉంది. వల పని మానేసినా ముడి మాత్రం వాళ్ల నాన్న వేసినట్టే వేసేవాడు. అది చూసి నేల మీద కూలబడి ఏడ్చాను. తలుపు దగ్గరికేసి వచ్చేశాను.

సాయంత్రం సూపర్‌వైజర్ కల్యాణి మేడం దగ్గరకి వెళ్లాను. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల పిల్ల. కొత్తగా చేరింది. నాకు నొక్కడం రాదని చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ పిల్లే ముందు మాట్లాడింది.

"పైడితల్లీ, అన్నీ పచ్చగానే ఉన్నాయి. పన్నెండు ఒక్కటే మిగిలింది. ఫరవాలేదులే, రేపు చేద్దువు."

నేను నోరు మూసుకున్నాను. ఈ పిల్లే జాలిపడి నొక్కిందనుకున్నాను. పన్నెండో గది ఎందుకు నొక్కలేదో మాత్రం అర్థం కాలేదు. ఆ గది చేయలేదని నేను ఎవరికీ చెప్పలేదు.

అలా మూడు వారాలు నడిచింది. చేసిన గది పచ్చగా అయ్యేది. చేయనిది ఎర్రగానే ఉండేది. నేను మేడం అనుకున్నాను. మేడం నేనే అనుకుంది. దుప్పట్లు మడతపెట్టే అమ్మాజీ అయితే, "మొగుడున్నన్నాల్లూ మొద్దులాగున్నావు, ఇప్పుడు సదువొచ్చీసిందేటి ఒదినా?" అని ఎత్తిపొడిచేది.

ఒక గురువారం పెద్దాఫీసు నుంచి సారు వచ్చాడు. దుప్పట్ల గదిలో నేను కనబడితే, "నీ పేరు తెరిచి పద్నాలుగో గది ఖాళీ అయిందో లేదో చూపించు" అన్నాడు. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

సారు, తన వెంట వచ్చిన మేడం వైపు తిరిగాడు. "ఈవిడ పేరు మీద మీరు నొక్కుతున్నారన్నమాట. సోమవారం మళ్లీ వస్తాను. ఈవిడ నా ముందు తెరిచి నొక్కాలి. లేకపోతే ఈవిడా ఇంటికే, మీరూ ఇంటికే."

సారు వెళ్లాక మేడం ఏడుపు గొంతుతో అంది, "నాకు ముందే చెప్పొచ్చు కదా నీకు రాదని. మరి రోజూ ఎవరితో నొక్కిస్తున్నావు?"

"అదేటమ్మా, నువ్వు కాదా?" అన్నాను.

"నేనెందుకు నొక్కుతాను? నీ పాస్‌వర్డే నాకు తెలీదు."



మర్నాడు మేడం కంప్యూటర్లో వెనక్కి వెళ్లి చూసింది. ఎవరు నొక్కారో, ఏ కంప్యూటర్ నుంచో, ఎన్ని గంటలకో అన్నీ అందులో ఉంటాయట. పేరు నాది. కంప్యూటర్ దుప్పట్ల గదిది. ముందురోజు పదో గది పదకొండుకి అయిదు నిమిషాల ముందు నొక్కినట్టు ఉంది. పదకొండుకి టీ వస్తుంది. నేను పదో గది తలుపు వేసి మెట్లు దిగుతుంటే టీ వచ్చింది. అది నాకు బాగా గుర్తు. అంటే నేనింకా మేడ మీద ఉండగానే ఎవరో కింద నొక్కారు.

అమ్మాజీని పిలిచి అడిగాం. పగలంతా ఆ గదిలో ఉండేది తనే. తనకి కంప్యూటర్ అంటే నాకన్నా భయం. నూకాలమ్మ మీద ఒట్టేసింది. "ఎవులూ రానేదు మేడం. కంప్యూటర్ ముందరున్న ఆ కుర్చీ మీద నాను పొద్దున్నే దుప్పట్లు పేరుస్తాను. సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. ఎవులు కూకుంటారు?"

కుర్చీ వైపు చూశాను. దుప్పట్లు నా నడుం ఎత్తున ఉన్నాయి.

మేడం నన్ను బయటికి తీసుకెళ్లి నెమ్మదిగా చెప్పింది. "ఎవరో ఏమో వదిలెయ్. సోమవారం నువ్వు నొక్కాలంటే నీ పాస్‌వర్డు కావాలి. పాతది మనకి తెలీదు. మార్చేస్తాను. మారిస్తే ఇక పాతదానితో తెరుచుకోదు."

మాట నాకు అర్థమైంది. ఇంటి తాళం మార్చడం లాంటిది అది. లోపలికి వచ్చే మనిషి ఇంకా వస్తుండగానే తాళం మార్చమంటోంది. మార్చకపోతే నా పొట్ట సంగతి అలా ఉంచండి, ఏ పాపం తెలియని ఆ పిల్ల ఉద్యోగం పోతుంది.

"ఒక్క రోజు ఆగమ్మా" అన్నాను. ఎందుకని మేడం అడగలేదు.

శనివారం ఏడు గదులు చేశాను. పన్నెండో గది కావాలనే వదిలేశాను. నా ఆఖరి గడి ఎర్రగా ఉన్నంతసేపూ ఆయన వెళ్లడు. అది ఆయన అలవాటు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కాసేపు ఆగుతాడని వదిలేశాను.

అయిదింటికి అమ్మాజీ వాళ్లు వెళ్లిపోయారు. మేడం మాత్రం దుప్పట్ల గదిలో కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. నేను మేడ ఎక్కి పన్నెండో గది తలుపు తీశాను. ఇంత నెమ్మదిగా ఏ గదీ ఎప్పుడూ ఊడవలేదు. కుళాయికి ఉన్న ముడి తడవకుండా చుట్టూ తుడిచాను. వాష్‌బేసిన్ కింద అంచు మీద ఆయనలాగే వేలు పెట్టి రాశాను. మురికి లేదు.

తలుపు వేసి, "అయిపోయింది మావా" అన్నాను. వరండాలో ఎవరూ లేరు. గాలి కూడా లేదు.

కిందికి వచ్చేసరికి మేడం గోడకి ఆనుకుని ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఇప్పుడే అయింది. నేను ముట్టుకోలేదు పైడితల్లీ, నా తల్లి మీద ఒట్టు. చూస్తుండగానే పచ్చగా అయింది."

నాకు భయం వేయలేదు. ఆయన పోయిన నాటి నుంచి గుండెల మీద ఉన్న రాయి కొంచెం పక్కకి జరిగినట్టనిపించింది. తెరకేసి చూశాను. ఎనిమిదీ పచ్చగా ఉన్నాయి.

"మార్చెయ్యమ్మా" అన్నాను.

కొత్తగా ఏ మాట పెట్టాలని మేడం అడిగింది. ఆయన పేరు పెట్టమన్నాను. మొగుడి పేరు నోటితో అనే ఆచారం మాకు లేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా అనలేదు. రేషను కార్డు ఆఫీసులో అడిగితే కూడా పక్కామెతో చెప్పించాను. మేడం ఒక్కో అక్షరం చూపించింది. నేను వేలితో నొక్కాను. ఆ పేరుకి నా చెయ్యి తగలడం అదే మొదటిసారి.

"ఈ మాట ఎవరికీ చెప్పకూడదు" అంది మేడం.

"సెప్పే అలవాటు నాకు మొదట్నించీ నేదమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆ పిల్ల ఏడ్చింది.

గుమ్మం దగ్గర ఆగి, ఈసారి నేనే అన్నాను. "పద, ఎల్దుం."

బస్సులో కిటికీ పక్కన కూర్చోలేదు. ఇవతల కూర్చున్నాను. గాజువాకలో ఎవరో ఎక్కి అక్కడ కూర్చున్నారు. నేనే కాళ్లు ముడుచుకుని దారిచ్చాను.

ఆదివారం పగలంతా మేడం నాతో అక్షరాలు నొక్కించింది. సోమవారం సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. అక్షరాలు వెతుక్కుంటూ నొక్కాను. తెరుచుకుంది. చేసిన గదులు ఒక్కొక్కటీ నొక్కాను. పన్నెండు దగ్గర ఆగాను.

"అదీ నొక్కు" అన్నాడు సారు.

"ఇంకా సెయ్యలేదు బాబూ. సేసేక నొక్కుతాను."

సారు తల ఊపాడు. వెళ్లిపోయాడు. నా పనీ మిగిలింది, ఆ పిల్ల పనీ మిగిలింది.

తర్వాత చాలా ఏళ్లు అక్కడే చేశాను. ఒక్క గడి కూడా తనంతట తను పచ్చగా కాలేదు. మొదట్లో కొన్నాళ్లు గది అయిపోయాక వెంటనే కిందికి దిగేదాన్ని కాదు. కాసేపు చూసేదాన్ని. తర్వాత మానేశాను.

ఆయన పాస్‌వర్డు ఎవరికైనా చెప్పి ఉంటాడని, వాళ్లే నొక్కి ఉంటారని కొందరన్నారు. అయ్యుండొచ్చు. మరి నేను చేయని గది వాళ్లకెలా తెలిసింది? ఆ దుప్పట్ల మీంచి ఎలా నొక్కారు? నాకు తెలీదు. ఇన్నేళ్లయినా తెలీదు. అలాగని దెయ్యం అనను. ఆయన్ని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

ఒకటి మాత్రం అప్పుడప్పుడు మనసులో కదులుతుంది. నా పేరు తెరవడానికి ఆయన ఏ మాట పెట్టుకున్నాడో. ఒకసారి మేడంని అడిగితే పాతవి కనిపించవంది. వెనక నిలబడి చూసిన చుక్కలు మాత్రం నాకు లెక్క ఉన్నాయి. ఆరు. ఆరు అక్షరాల మాటలు ఎన్ని ఉంటాయని ఇప్పుడే టీచరమ్మ గారిని అడిగాను. లెక్కలేనన్ని ఉంటాయమ్మా అన్నారు.

వాటిలో ఒకటి నాది.