తాతయ్య ముద్ద

డాక్టరు స్కానింగ్ కాగితం చూస్తూ, తలెత్తకుండానే అడిగాడు. "పాపకి ఇంట్లో అన్నం ఎవరు పెడతారండి?"

మా అబ్బాయి నా వైపు చూశాడు. కోడలు గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. అలా చూడడంతోనే చెప్పాల్సిందంతా చెప్పేసింది. తొమ్మిదేళ్ల మనవరాలు మాత్రం, "మా నాయనమ్మే. చేత్తో కలిపి పెడుతుంది," అంది గర్వంగా.

"కాలేయానికి కొవ్వు పట్టింది మామ్మగారూ. ఈ వయసులో పట్టకూడదు. ఇప్పుడే జాగ్రత్తపడితే పోతుంది. వదిలేస్తే షుగరు దాకా తీసుకెళ్తుంది. మూడు నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దాం." అంటూ పాప జడ పక్కకు తీసి, మెడ చుట్టూ ఉన్న నలుపు చూపించాడు. అది మురికి కాదట. ఒంట్లో చక్కెర అదుపు తప్పబోతోందని చర్మం ముందుగా చెప్పడమట.

ఏడాదిగా ప్రతి ఆదివారం ఆ మెడను సున్నిపిండితో రుద్దుతున్నది నేనే. "మంట నాయనమ్మా" అని పిల్ల మెలికలు తిరుగుతుంటే, "ఇంత మురికి పెట్టుకుని బడికెలా వెళ్తావే" అని ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని.

మేముండేది తెనాలిలో. పొద్దున్నే మా అబ్బాయి రేపల్లె బండెక్కుతాడు, కోడలు బాపట్ల వైపు వెళ్లే బండెక్కుతుంది. ఇద్దరివీ ఉద్యోగాలు. రోజంతా పిల్ల బాధ్యత నాది. బడి రెండు వీధుల అవతలే అయినా ఆటో పెట్టించింది నేను. కిందపడి దెబ్బ తగిలించుకుంటుందని ఆటలకు పంపనిదీ నేనే. సాయంత్రం సోఫాలో ఫోను పట్టుకుని కదలకుండా కూర్చుంటే, మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేదాన్ని.

అన్నం పెట్టడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా అమ్మ నాకు అలాగే పెట్టింది, నేను మా అబ్బాయికి అలాగే పెట్టాను. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది అత్త ముద్ద. కడుపు నిండి పిల్ల తల తిప్పేసుకున్నాక అసలు పని మొదలవుతుంది. "మరి తాతయ్య ముద్దో? తినకపోతే తాతయ్యకి కోపం రాదూ?" ఆఖరి ముద్ద ఎప్పుడూ ఆయనదే. అన్నిటికంటే పెద్దది, నెయ్యి ఎక్కువేసింది. మా ఆయన పోయి నాలుగేళ్లయినా ఆ ముద్ద ఆగలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు అందరి మీదా విరుచుకుపడ్డాను. కోడలు స్టేషన్లో కొనుక్కొచ్చే బిస్కెట్ల మీద, కొడుకు ఫ్రిజ్‌లో పెట్టే కూల్‌డ్రింకుల మీద. "నా చేతి అన్నం తిని ఎవరు చెడిపోయార్రా?" అని అరిచాను. కోడలు నెమ్మదిగా, "తప్పెవరిదని కాదు అత్తయ్యగారూ. మనకున్నది మూడు నెలలే," అంది. నిజానికి నాది కోపం కాదు, భయం. మా ఆయన షుగరుతో పదేళ్లు పడ్డ అవస్థ దగ్గరుండి చూసినదాన్ని. అదంతా ఈ చిన్నదానికి రావడమేంటి?

తెల్లారగానే పిల్లని లేపి కాలువ గట్టు మీద నడిపించడం మొదలుపెట్టాను. ఆటో మాన్పించి బడికి కూడా నడిచే తీసుకెళ్లేదాన్ని. మొదటి వారం వీధి మలుపు తిరిగేసరికే ఆయాసపడి నా భుజం పట్టుకునేది. నాకేమో మోకాళ్లు. ఎవరి కోసం ఎవరు ఆగుతున్నామో తెలియకుండా ఇద్దరం ఆగేవాళ్లం. డాబా మీద సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల నేర్పాను. నాలుగో గడి దాకా నేనూ ఒంటికాలి మీద గెంతాను. కోడలు చూసి, "మీరు పడితే మూడు నెలలు కాదు, ఆర్నెల్లు మంచంలోనే అత్తయ్యగారూ," అంది.

కంచంలో అన్నం తగ్గింది. బీరకాయ కూర, తోటకూర పప్పు పెరిగాయి. పిల్ల తన చేత్తోనే తినాలి, చాలనిపించగానే లేవాలి అన్నాడు డాక్టరు.

చిక్కు ఇక్కడే వచ్చింది. కంచం ఖాళీ చేసి, మంచినీళ్లు తాగి కూడా లేచేది కాదు. "నాయనమ్మా, తాతయ్య ముద్ద?" అని నోరు తెరిచేది. ఒక్క ముద్దేగా అని పెట్టాను. తర్వాత చిన్నది చేశాను. ముద్ద చిన్నదయ్యేకొద్దీ దాని ముఖంలో కంగారు ఎక్కువయ్యేది. ఆకలి తీరడం లేదా, జబ్బు ముదురుతోందా అని నాకు బెంగ. మెడ నలుపు తగ్గిందేమోనని రోజుకు నాలుగుసార్లు జడ పక్కకు తీసి చూసేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అంతా తిన్నాక మళ్లీ అడిగింది. పొట్ట పట్టుకుని, ఆయాసపడుతూ అడిగింది. నాకు ఒళ్లు మండింది. "ఇంకా ఎంత తింటావే? నిన్ను చూస్తుంటే భయమేస్తోంది నాకు. తాతయ్యా లేడు, ముద్దా లేదు, లే!" అని కంచం లాగేశాను.

పిల్ల ఏడ్చింది. అది మారాం చేసే ఏడుపు కాదు. వెక్కిళ్ల మధ్య ఒక్కో మాటే వచ్చింది. "నాకు ఆకలి లేదు నాయనమ్మా. ఆ రోజు తాతయ్య ముద్ద నేను ఊసేశాను. సాయంత్రం తాతయ్య చచ్చిపోయాడు."

అప్పటికి దానికి ఐదేళ్లు. ఆ రోజు దానికి అన్నం పెట్టినట్లే నాకు గుర్తులేదు. అది మాత్రం మర్చిపోలేదు. నాలుగేళ్లుగా, కడుపులో చోటు లేకపోయినా, తాతయ్యకి కోపం రాకూడదని మింగుతూనే ఉంది. ఇప్పుడు ముద్ద తగ్గుతుంటే, ఇంట్లో ఇంకెవరికి ఏమవుతుందోనని వణికిపోతోంది. నేనేమో దాన్ని తిండిపోతనుకున్నాను.

దగ్గరికి లాక్కున్నాను. "పిచ్చిదానా, తాతయ్యకి గుండె ఆగిపోయిందే. ఆ రోజు నేనిచ్చిన కాఫీ కూడా ఆయన వద్దన్నాడు. నీ మీద ఆయనకి ఏనాడైనా కోపం వచ్చిందా? ఆయన కోపాలన్నీ నా మీదే. ఆయనకి కోపం వస్తుందని నీకు అబద్ధం చెప్పింది నేను."

నా కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది. "మరి తాతయ్యకి ఆకలేస్తే?"

"నన్నడుగుతాడు. నలభై ఏళ్లు నన్నే అడిగాడు. నిన్నెందుకు అడుగుతాడే?"

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఎల్లుండి మళ్లీ స్కానింగు. మెడ కాస్త తేరిందని కోడలు అంటోంది. నాకైతే నమ్మకం కుదరడం లేదు. పిల్ల మాత్రం ఆయాసం లేకుండా ఎనిమిదో గడి దాకా గెంతుతోంది.

ఇవాళ మధ్యాహ్నం దొండకాయ కూరతో అన్నం తిని, కంచంలో ఇంకా కాస్త ఉండగానే, "చాలు నాయనమ్మా," అంది. అని, లేవకుండా నా ముఖంలోకి చూసింది, కోపం వచ్చిందేమోనని. నేను అన్నం గిన్నె మీద మూత పెట్టేశాను. అప్పుడు లేచింది.