మాట పోయిన మాస్టారి ఫోను

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కడినుంచి లేచిపోయే మనిషిని నేను. ముమ్మిడివరం దగ్గర బళ్లో సైన్సు చెబుతాను. ఎవర్నో నమ్మించాలని ఇది రాయడం లేదు. నాకు జరిగింది, అంతే.

అమలాపురంలో నాకు టెన్నిస్ నేర్పింది ప్రకాశం మాస్టారు. రిటైరయ్యాక ఊరి చివర ఖాళీ స్థలంలో మట్టి కోర్టు వేసి, వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఊరికే నేర్పారు. రాకెట్టు లేనివాళ్లకి తనది ఇచ్చేసేవారు. ఆడపిల్లకి ఆటలేమిటని మా నాన్న ఒప్పుకోకపోతే, ఆదివారం చర్చి బయట కాపుకాసి మరీ ఒప్పించారు. ఈ రోజు నలుగురి ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నానంటే ఆయన చలవే.

కిందటి వానాకాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి వినబడేలా అరిచే మనిషి, మంచినీళ్లు కావాలంటే మంచం పట్టె మీద తట్టేవారు. ఆయన భార్య సుశీలగారిని నేను పిన్నిగారు అంటాను. కాకినాడ తీసుకెళ్లారు, చెయ్యని వైద్యం లేదు, చెయ్యని ప్రార్థన లేదు. ఒక్కసారి నోరారా నన్ను పిలిస్తే చాలమ్మా అనేవారు. కోర్టు నిండా గడ్డి లేచింది. పిల్లలు రావడం మానేశారు.

ఒకరోజు మధ్యాహ్నం బళ్లో అన్నం తింటుంటే నా సెల్లు మోగింది. తెర మీద మాస్టారి పేరు. ఆయన సెల్లు పిన్నిగారి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆవిడే అనుకుని ఎత్తాను.

"ఏమ్మా, పిల్లలొస్తున్నారా?"

మాస్టారి గొంతు. ఎక్కడా తడబాటు లేదు. ఎప్పటిలాగే కాస్త బొంగురుగా ఉంది.

"ఎవరూ రావట్లేదండి," అన్నాను.

"ఆయ్. కోర్టు అలా వదిలెయ్యకండమ్మా. ఉంటాను," అన్నారు.

పక్కనున్న లెక్కల టీచరు ఎవరని అడిగితే, మా మాస్టారికి మాటొచ్చిందని ఏడుస్తూ చెప్పాను. సెల్లు మోగడం ఆవిడా విన్నారు. సెలవు పెట్టి బస్సెక్కాను. దారిలోనే మాతో ఆడినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. బస్టాండులో దిగి జిలేబీ కూడా కొన్నాను.

వెళ్లేసరికి పిన్నిగారు ఆయనకి చెంచాతో జావ పడుతున్నారు. సగం మూతి పక్కనించి కారిపోతోంది. నేను చెప్పింది విని ఆవిడ చెంచా పక్కన పెట్టారు. ఆయన మొహం మీదికి వంగి, "ఏవండీ" అన్నారు. మళ్లీ మళ్లీ పిలిచారు. ఆయన కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. మాట రాలేదు.

ఆయన సెల్లు బీరువాలో ఉంది, చార్జింగు లేక ఆగిపోయి ఉంది. చార్జింగు పెట్టి చూస్తే అందులోంచి నాకు చేసినట్టు లేదు. నా సెల్లులో మాత్రం వచ్చినట్టు ఉంది. తెలిసినవాళ్లకి చూపించాను. ఎవరూ ఏమీ తేల్చలేదు.

పిన్నిగారు అడిగింది ఒక్కటే. "నా గురించి ఏమైనా అడిగేరామ్మా?"

"లేదండీ," అన్నాను.

అప్పటికే మావాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, మాటొచ్చిన మాస్టారిని చూద్దామని. పిన్నిగారే గుమ్మంలో నిలబడి, పొరపాటైందని చెప్పి పంపేశారు.

ఆ వారంలోనే మాస్టారు పోయారు. చివరిదాకా ఆవిడని పిలవలేదు. సమాధి దగ్గర అందరం కోర్టు బాగుచేద్దామనుకున్నాం. తీరా గడ్డి పీకడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. మళ్లీ వెళ్లేసరికి ఎవరో కొనుక్కుని చుట్టూ కంచె వేసేశారు.

ఇప్పటికీ వెళ్లినప్పుడల్లా పిన్నిగారు నన్ను కూర్చోబెట్టి, ఆయన గొంతు ఎలా ఉందో చెప్పమంటారు. చెబుతాను. చెబుతున్నంతసేపూ ఆవిడ నా చేతిలో ఉన్న సెల్లుకేసి చూస్తూ ఉంటారు. అది ఆ రోజు ఎలా మోగిందో నాకు తెలియదు. మోగేదే అయితే, ఆవిడకి కాకుండా నాకెందుకు మోగిందో అసలే తెలియదు.