గులాబీ రాయి దొంగ

తాళాలాయనకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. ఊళ్ళో సగం తలుపులకు తాళాలు బిగించింది ఆయనే కాబట్టి, ఏ తాళం ఎంత సులువుగా ఊడి వస్తుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలిసిన పాపానికి ఇంట్లో చక్కెర డబ్బాకు కూడా తాళం వేశాడు.

అలాంటి మనిషికి రాళ్ళ పిచ్చి పట్టింది. వాగులో ఏరుకొచ్చిన రాళ్ళను రబ్బరు డబ్బాలో పోసి, నీళ్ళూ గరుకు పొడీ కలిపి, మూత బిగించి మోటారు మీద పడుకోబెడితే, డబ్బా రాత్రింబవళ్ళు గరగరమంటూ దొర్లుతుంది. లోపల రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని నున్నబడతాయి. ఆ మోటారు బిగించి పెట్టింది బావమరిది. వైర్ల పని చేస్తాడు, పెళ్ళి కాలేదు, అక్క ఇంట్లోనే వెనక గదిలో ఉంటాడు.

ఆ అక్కా తమ్ముళ్ళకు వాళ్ళమ్మ గుర్తుగా మిగిలింది రేగుపండంత గులాబీ రాయి ఒక్కటే. బతికినన్నాళ్ళూ ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని తిరిగింది. ఒకసారి కిందపడి అంచు పెచ్చు లేస్తే ఆ పెచ్చు కూడా దాచుకుంది. "నాకు దక్కాల్సిన రాయిని అక్క కొట్టేసింది" అని తమ్ముడు నవ్వులాటకు అంటుండేవాడు. తాళాలాయన మాత్రం ఆ మాటను మనసులో భద్రంగా దాచుకున్నాడు.

ఆ గులాబీ రాయికీ మెరుగు పెడతానని భార్యను అడిగాడు.

"జాగ్రత్తండీ," అందామె.

"నా చేతిలో పడ్డాక పోయేదేముందే!"

రెండు వారాల తర్వాత మూత తీసి చూస్తే మిగతా రాళ్ళన్నీ ఉన్నాయి. గులాబీ రాయి లేదు. జల్లెడ పట్టాడు, నేలంతా తడిమాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, తాను పట్టగలనని తాళాలాయన ధీమా.

"ఈ మూత ఎవరు తీశారు?"

"కారుతోంటే నేనే తీసి బిగించాను బావా. మోటారు మీద నీళ్ళు పడితే కాలిపోదూ?"

"అప్పుడు రాయి ఉందా?"

"ఆ బురదలో ఏం కనపడుతుంది?"

"కనపడకపోయినా చేతికి తగిలుంటుందిలే."

బావమరిది అక్క వైపు చూశాడు. ఒక్క మాట అంటుందేమోనని చూశాడు. ఆమె తలొంచుకుంది. అతను వైర్ల సంచీ, బట్టల మూటా తీసుకుని వెళ్ళిపోయాడు.

తాళాలాయన సాయంత్రానికల్లా వీధి తలుపుకు కొత్త తాళం బిగించాడు.

"ఎవరు రాకుండానండీ?" అని అడిగింది భార్య. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం మానేసింది.

రాళ్ళు కడిగిన బురదను కాలువలో పోయకూడదు. సిమెంటులా గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. అందుకే ఆయన దాన్ని పాత బకెట్లో ఆరనిచ్చేవాడు. కొన్నాళ్ళకు బకెట్ నిండితే పెరట్లో బోర్లించాడు. గడ్డకట్టిన బురద బిళ్ళ రెండు ముక్కలైంది. బూడిద రంగు పొరల మధ్య ఒక పొర లేత గులాబీ రంగులో ఉంది.

లోపలికెళ్ళి అత్తగారు దాచుకున్న ఆ రాతి పెచ్చు తెచ్చి మేకుతో గీశాడు. గులాబీ పొడి రాలింది. వాగు రాయిని గీస్తే మేకే అరిగింది. గట్టి రాళ్ళ మధ్య మెత్తటి రాయిని వేసి, రెండు వారాలు దగ్గరుండి అరగదీసింది తానే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. సిగ్గుతో ఆయనకు చచ్చిపోదామనిపించింది.

బావమరిది ఒక కొట్టు మీది గదిలో ఉంటున్నాడు. తాళాలాయన ఆ గులాబీ పొరనూ, కొత్త తాళంచెవినీ తీసుకెళ్ళి అతని ముందు పెట్టాడు.

"రాయి ఎక్కడికీ పోలేదురా. నేనే పిండి చేశాను. తప్పు నాది. మీ అక్క అన్నం ముట్టడం లేదు. ఇదిగో, ఈ చెవి నీది. ఇంటికి రా."

బావమరిది ఆ మట్టిపొరను కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవిని మాత్రం వెనక్కి నెట్టాడు.

"అలకా?"

"అలకేం లేదు బావా. వస్తాను. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే వస్తాను. తలుపు నువ్వే తియ్యి. వెళ్ళేటప్పుడు నా సంచి చూసి పంపించు."