రాట్నం తాకని మూడు రోజులు

పరుగంటే నాకు ప్రాణం అని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది గానీ, ముందు నాకు ప్రాణమైంది సెలవు. వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాయిన మగ్గం మీద కూర్చుంటే, ఆయనకు నూలు కండెలు చుట్టి అందించడం అమ్మ పని, నా పని. బడికి ముందు చుట్టాలి, బడి నుంచి వచ్చి చుట్టాలి. రాట్నం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎప్పుడూ గుంజుతుండేది. ముట్టైన మనిషి నూలు తాకితే మగ్గం మీద పోగులు తెగుతాయని నాయిన నమ్మకం. అందుకని నెలకు మూడు రోజులు నాకు గుమ్మం పక్కన మూల. ఆ మూడు సాయంత్రాలే గ్రౌండుకు పోయి ఉరికేదాన్ని.

తోటి పిల్లలు ఆ రోజుల్లో కడుపు పట్టుకుని పడుకుంటే, నేను ఆ రోజుల్లోనే పరుగు నేర్చుకున్నాను. పాత పంచె చింపి, మడతపెట్టి, నాడాకు బిగించి కట్టుకుంటే రెండో చుట్టుకే తొడలు ఒరుసుకుని మండేవి. డ్రిల్లు టీచరమ్మ "జర కాళ్లు సాపి ఉరుకవే" అని అరిచేది. ఎట్లా సాపాలి? బట్ట జారితే బతుకేం కావాలి? అయినా పోయేదాన్ని. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మూడు రోజుల్ని ఐదు చేశాను. నెల మధ్యలో కూడా అయిందనేదాన్ని. శుభ్రమైన బట్టనే తడిపి దండెం మీద ఆరేసేదాన్ని. అమ్మ ఒక్కనాడూ ఏమీ అనలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

అమ్మ కూడా నెలకు మూడు రోజులు మూలకు కూర్చునేది. అప్పుడు ఇద్దరి పనీ నాదే, గ్రౌండు బంద్. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకున్న అమ్మను చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు జిల్లా జట్టుకు సెలెక్షన్లు. ఎనిమిది వందల మీటర్లకు టీచరమ్మ నా పేరు రాసింది. సరిగ్గా ముందు రోజే అమ్మ మూలకు కూర్చుంది. ఇంట్లో చూస్తే జంపఖానాల ఆర్డరు. ఇక పోయినట్టే అనుకున్నాను. తెల్లారి లేచేసరికి నాకు నిజంగానే అయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నాయినా, నాకు గూడ ముట్టైంది" అన్నాను.

నాయిన మగ్గం మీద నుంచే చూశాడు. "అబద్ధం జెప్పినా అతికినట్టుండాలె బిడ్డా. ఉరుకుడు ఉన్నప్పుడల్లా వస్తదా నీకు? పో, తానం జేసి రాట్నం కాడ కూసో."

కన్నతండ్రికి ఏం చూపించి నమ్మించాలి? సిగ్గుతో, కోపంతో అక్కడే నిలబడి ఏడ్చాను.

అమ్మ మూలనుంచి లేచింది. కొంగు దోపుకుంటూ మెల్లగా అంది: "ఇయ్యాల దానిది నిజమే. అబద్ధం నాది. నాకు ముట్టాగి రెండేండ్లాయె."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. మరకలేని నా బట్టలు చూసి కూడా ఆమె ఇన్నాళ్లూ ఎందుకు నోరు మెదపలేదో అప్పుడు తెలిసింది. అమ్మ రాట్నం ముందు కూర్చుని, నా వైపు చూడకుండానే, "ఇంకా నిలవడ్డవేందే? పో, ఉరుకు" అంది.

ఉరికాను. మొదటి రోజు నొప్పి, నడుము నుంచి మోకాళ్ల దాకా. రెండో చుట్టులో బట్ట పక్కకు జరిగింది. ఒక చేత్తో స్కర్టు అదిమిపట్టుకునే ఉరికాను. మూడోదాన్నయ్యాను. "ఏమైందే నీకు?" అని టీచరమ్మ అడిగితే "కడుపు నొచ్చింది" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఇంకా చుడుతూనే ఉంది.

"ఏమాయె?"

"మూడో నంబరు."

"ఎందర్ని తీసుకున్నరు?"

"ఇద్దర్ని."

అమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని కాస్త కదిలి కూర్చుంది. "పోనీ తియ్. అన్నం తిను" అంది.

ఆ తర్వాత అమ్మ మళ్లీ ఆ మూలకు కూర్చోలేదు. కూర్చుందామన్నా ఆమెకు ఇంక సాకు లేదు. నా మూడు రోజులు మాత్రం నెలనెలా వస్తూనే ఉన్నాయి. "గ్రౌండుకు పోతలేవా?" అని అమ్మే అడిగేది. పోలేదు. నా వంతు కండెలు కూడా అమ్మ చుడుతుంటే, మూలన కూర్చుని చూస్తూ ఉండేదాన్ని.